గోదావరి గట్టున పిట్టల్ని చూడటానికి ఏ కెమెరా కొనాలి?

రాజమండ్రిలో రోజూ పొద్దున్నే గోదావరి గట్టున నడుస్తానని, ఈ వసంతంలో పిట్టల్ని చూడటం మొదలుపెట్టడానికి ఏ కెమెరా మంచిదో చెప్పమని అడిగారు.

కెమెరా ఇప్పుడొద్దు. 8×42 బైనాక్యులర్ (8 రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) కొనండి. 10 రెట్లది నడిచొచ్చిన చేతుల్లో వణుకుతుంది. కొన్నాక ముందు మీ కళ్లకి సరిచేసుకోవాలి. కుడికన్ను మూసి, దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు ఎడమకంటికి తేటగా కనపడేదాకా మధ్య చక్రం తిప్పండి. తర్వాత ఎడమకన్ను మూసి కుడికంటి దగ్గరి రింగు మాత్రమే తిప్పండి. ఇది చెయ్యకే చాలామంది తలనొప్పంటూ దాన్ని అటక మీద పడేస్తారు. కళ్లద్దాలుంటే రబ్బరు కప్పులు కిందికి దించాలి.

మీది తూర్పు గట్టు. పొద్దున సూర్యుడు మీ వీపు మీద, నది ఎదురుగా. అదే అవతలి గట్టున కొవ్వూరులో నించుంటే ఎండ ఎదురుగా పడి నీళ్ల మెరుపే తప్ప రంగులు తెలీవు. మార్చి చివర్లో ఆరింటికల్లా గట్టున ఉండండి, ఎండెక్కితే సందడి తగ్గిపోతుంది.

సుత్తితో కొట్టినట్టు టుక్ టుక్ మంటే కంసాలి పిట్ట. కుహూ అనేది నల్లటి మగ కోకిల. ఆడదానికి గోధుమరంగు మీద తెల్లచుక్కలుంటాయి, అది కిక్ కిక్ మంటుంది.

అసలు తెలుసుకోవాల్సింది తీతువు గురించి. ఎండలు ముదిరే ఈ రోజుల్లోనే అది గుడ్లు పెడుతుంది. గూడల్లదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంట, అందులో మట్టిరంగు మీద నల్లమచ్చల గుడ్లు, మామూలుగా నాలుగు. కాలి కిందికొచ్చినా కనపడవు. మనిషి అలికిడికి తల్లి చప్పుడు చెయ్యకుండా లేచి కొంత దూరం నడిచి, అప్పుడు ఎగిరి నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంది. అందుకే అది ఎగిరిన చోట గుడ్లుండవు. అరుపు తీవ్రమైందంటే గుడ్లకి దగ్గరపడ్డారని. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరగండి. అక్కడే ఫొటోలకి నిలబడితే గుడ్లు ఎండకి మాడతాయి. వాటిని చల్లబరచడానికి అది పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి కూర్చుంటుంది! అలాంటిదాన్ని అపశకునమని రాళ్లు విసిరేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. గట్టు మీద కుక్కల్ని వదిలేసేవాళ్లూ అంతే.

ఫోన్‌లో కూతలు వినిపించి పిట్టల్ని పిలవకండి. పోటీకి వేరే మగది వచ్చిందనుకుని గూటి పని వదిలేసి తిరుగుతుంది.

ఓ రెండు నెలలయ్యాక కెమెరా కొంటే 400 మి.మీ.కి తగ్గని లెన్స్ తీసుకోండి. చిన్న లెన్స్‌తో దగ్గరికెళ్లాల్సి వస్తుంది, ఆ దగ్గరికెళ్లడమే గుడ్లకి చేటు.