ట్యాబ్‌లను నిద్రపుచ్చే ఎక్స్‌టెన్షన్ ఏది వేసుకోవాలి?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ. తర్వాత చదవొచ్చులే అని క్రోమ్‌లో 50, 60 ట్యాబ్‌లు అలాగే ఉంచేస్తాను. కాసేపటికి ఫ్యాన్ గోల మొదలవుతుంది, టైప్ చేస్తే అక్షరాలు ఆగి ఆగి పడతాయి. వాడని ట్యాబ్‌లను ఆపేసే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) వేసుకోమంటున్నారు. ఏది మంచిది?

జవాబు: ఇప్పుడే ఏదీ వేయకండి. మీకు కావాల్సిన పని క్రోమే చేస్తుంది. సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ తెరిస్తే మెమరీ సేవర్ ఉంటుంది, 2022 చివర్లో వచ్చింది, దాన్ని ఆన్ చేయండి. వాడకుండా వదిలేసిన ట్యాబ్ పేరు పైన అలాగే ఉంటుంది, లోపలి పేజీ మాత్రం ర్యామ్‌లోంచి పోతుంది, మళ్లీ నొక్కితే కొత్తగా లోడవుతుంది. పాట మోగుతున్న ట్యాబ్ జోలికి అది పోదు. ఎప్పుడూ మేలుకునే ఉండాల్సిన సైట్లుంటే అక్కడే జాబితాలో చేర్చుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌లో ఇదే పనికి స్లీపింగ్ ట్యాబ్స్ ఉంది.

ఇంకో పని చేయండి. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో మెమరీ అన్న నిలువు వరుస పేరు మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకి వస్తాయి. చాలాసార్లు అసలు భారమంతా రెండు మూడు ట్యాబ్‌లదే అయి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్లు కూడా ఆ జాబితాలోనే కనిపిస్తాయి, అవీ ర్యామ్ తింటాయి మరి.

ఎక్స్‌టెన్షన్ విషయంలో నేనింత గట్టిగా చెప్పడానికి కారణముంది. ట్యాబ్‌లను నిద్రపుచ్చే ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ను ఒకప్పుడు లక్షల మంది నమ్మి వాడారు. 2020లో అది చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో అందులో మాల్వేర్ (హాని చేసే కోడ్) ఉందని గూగుల్ తీసేసింది. అది నిద్రపుచ్చిన ట్యాబ్‌లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి, ఎందుకంటే ఆ ట్యాబ్‌లు అప్పటికి సైట్ అడ్రసు మీద లేవు, ఎక్స్‌టెన్షన్ సొంత పేజీ మీద ఉన్నాయి. ఆ పొడవాటి అడ్రసు చివర అసలు లింకు ఉండేది కాబట్టి జనం హిస్టరీ తెరిచి, ఒక్కో లింకునూ కత్తిరించి తీసుకోవాల్సి వచ్చింది.

అందుకే, టైమింగ్ మీ ఇష్టప్రకారం పెట్టుకోవడానికో మరో అవసరానికో ఎక్స్‌టెన్షన్ కావాలనుకుంటే, ముందు ఒక్క ట్యాబ్‌ను నిద్రపుచ్చి అడ్రస్ బార్ చూడండి. సైట్ అడ్రసే ఉంటే సరే, వేరే ఏదో కనిపిస్తే వద్దు. ఆటో ట్యాబ్ డిస్కార్డ్ అనే ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో ఉన్న పద్ధతినే వాడుకుంటుంది, అడ్రసు మారదు, రేపు దాన్ని తీసేసినా మీ ట్యాబ్‌లు ఉంటాయి. కానీ ఏది వేసుకున్నా అనుమతులు చదవండి, 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం' అని అడుగుతుంటే మీ మెయిల్ పేజీ కూడా అందులోకే వస్తుంది.

వేసే ముందు కంట్రోల్, షిఫ్ట్, డి కలిపి నొక్కండి, ఆ విండోలో తెరిచిన ట్యాబ్‌లన్నీ ఒక బుక్‌మార్క్ ఫోల్డర్‌లో చేరతాయి.