అయ్యగారిని అడగండి: నోట్‌బుక్ ఇంట్లో మర్చిపోయిందట

లెంటు రోజులు (ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం) కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తగ్గింపు, అంటే తనను తాను తగ్గించుకోవడం గురించీ ఆరాధన గురించే. వాటిలో నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. మిగిలినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: వందనాలు అయ్యగారూ. మా సంఘంలో 14 ఏళ్ళుగా ఆరాధన పాటలు నేనే నడిపిస్తున్నాను. రెండు నెలల క్రితం నాతో ఒక్క మాటైనా అనకుండా, డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయికి మైకిచ్చారు. ఏ పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో రాసుకున్న నా నోట్‌బుక్ ఆ అమ్మాయి అడిగితే ఇంట్లో మర్చిపోయానని చెప్పాను, అప్పుడది నా బ్యాగులోనే ఉంది. ఇప్పుడు పాడుతుంటే నోరు కదులుతుంది గానీ మనసు రావడం లేదు. ఇది గర్వమేనా? (ఒక సోదరి, గాజువాక)

జవాబు: అమ్మా, బ్యాగులోనే ఉందని మీ అంతట మీరే రాశారు చూశారా, సగం పని అక్కడే అయిపోయింది. ముందుగా ఒక మాట. మీతో చెప్పకుండా మార్చడం పెద్దల తప్పే. 14 ఏళ్ళు పాడిన మనిషిని కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పడానికి పావుగంట చాలు. మీకు బాధ కలిగిందంటే మీరు చెడ్డవాళ్ళని కాదు.

‘ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది’ అని యేసు గురించి బాప్తిస్మమిచ్చు యోహాను అన్న మాట ఈపాటికి మీకు పదిమంది చెప్పేసి ఉంటారు. అంచేత నేను మళ్ళీ చెప్పను. మొదటి సమూయేలు 18వ అధ్యాయం తీసి చదవండి. సౌలు రాజు మనసు విరిగింది యుద్ధంలో కాదు, ఒక పాట దగ్గర. ఆడవాళ్ళు తంబురలు వాయిస్తూ, చంపిన శత్రువుల లెక్కలో సౌలుకు వేలు, కుర్ర వీరుడు దావీదుకు పదివేలు అని పాడారు, అంతే. నాటినుంచి దావీదు మీద ‘విషపు చూపు’ నిలిపాడని రాసి ఉంది. పాట పాటే, లెక్క దగ్గర వచ్చింది తంటా అంతా. అదే అధ్యాయంలో, ఇంకాస్త పైన, సౌలు కొడుకు యోనాతాను ఉన్నాడు. తండ్రి తర్వాత సింహాసనం ఎక్కాల్సినవాడు, దావీదు వల్ల అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది నిజానికి అతనే. అతను తన దుప్పటి (పైవస్త్రం) తీసి దావీదుకిచ్చాడు, కత్తీ విల్లూ నడికట్టూ కూడా ఇచ్చేశాడు. ‘నేను ఎందుకూ పనికిరానివాణ్ణి’ అని ఎక్కడా అనలేదు. వస్తువులు చేతికిచ్చాడు, అంతే. మీ నోట్‌బుక్ అలాంటి వస్తువే.

ఆ అమ్మాయి స్థానంలో ఉండి కాసేపు చూడండి. చేతిలో మైకు, ఎదురుగా రెండొందల మంది, కీబోర్డు అబ్బాయి ఒక శ్రుతిలో మొదలెడితే తన గొంతు ఇంకో శ్రుతిలో లేచింది, పక్కన మీరు. ఎంత టెన్షనో కదా. కానుక తెచ్చి బలిపీఠం దగ్గర నిలబడ్డాక సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు ప్రభువు (మత్తయి 5:23, 24). మీకు పాట ఎక్కడ ఆగిపోయిందో నాకైతే ఆ రెండు వచనాల్లో కనిపిస్తోంది. వచ్చే ఆదివారం కాస్త ముందుగా వెళ్ళి నోట్‌బుక్ ఇవ్వండి. మర్చిపోయానన్నది అబద్ధమని కూడా చెప్పగలిగితే చెప్పండి, లేకపోతే ఇవ్వడమైనా ఇవ్వండి. పెద్దలతో మాట తర్వాత మాట్లాడుకోవచ్చు, మాట్లాడండి కూడా.

నా సంగతీ చెప్తాను, నవ్వుకోండి. కొన్నేళ్ళ క్రితం ఒక క్రిస్మస్ సభలో వేదిక మీద అందరికీ శాలువాలు కప్పారు, నా దగ్గరికొచ్చేసరికి అయిపోయాయి. నవ్వు ముఖం పెట్టుకుని కూర్చున్నాను గానీ ఆ తర్వాత వాక్యం ఎవరు చెప్పారో, ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు. ఇంటికొచ్చి కడుపు బాలేదని అన్నం మానేశాను. మా ఆవిడకు అర్థమైపోయింది. ‘బీరువాలో అయిదున్నాయి, ఒకటి కప్పమంటారా’ అంది.

ప్రశ్న: మోకాళ్ళ నొప్పుల వల్ల కుర్చీలో కూర్చుని ప్రార్థన చేస్తున్నాను. దేవుని సన్నిధిలో కుర్చీ ఎక్కడం గర్వమని మా కూడికలో ఒకామె అంటోంది. (ఒక పెద్దావిడ, కంచరపాలెం)

జవాబు: కుర్చీలోనే కూర్చోండమ్మా. సొలొమోను మోకాళ్ళూనాడు, హన్నా నిలబడి ప్రార్థించింది, గెత్సేమనేలో ప్రభువు సాగిలపడ్డాడు. ఇక దావీదు రాజైతే యెహోవా సన్నిధిని కూర్చుని ప్రార్థించాడు (2 సమూయేలు 7:18), ఆ వచనం ఆమెకు చూపించండి. ఆరాధన అని మన బైబిల్లో ఉన్న చాలాచోట్ల హెబ్రీ మాటకు అర్థం వంగడం, సాగిలపడడమే, కాదనను. ఒంగగలిగినవాళ్ళు ఒంగడం మంచిదే. కానీ ఎవరు ఎంత వంగారో పక్కకు తిరిగి చూసుకునే పని పరిసయ్యుడిది, అంటే ధర్మశాస్త్రం తు.చ. తప్పకుండా పాటిస్తానని చెప్పుకునే ఆనాటి భక్తుడిది. లూకా 18లో అతను ప్రార్థన మధ్యలో సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) వైపు చూశాడు. సుంకరి మాత్రం ఆకాశం వైపు కళ్ళెత్తడానికే ధైర్యం చాలక ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము’ అన్నాడు. అదీ నిలబడే.

ప్రశ్న: పరవాడ వైపు ఒక కంపెనీలో పని చేస్తున్నాను. నేను రాత్రుళ్ళు కూర్చుని చేసిన రిపోర్టులు మా సీనియర్ తన పేరుతో పైకి పంపుకుంటాడు. అడుగుదామంటే అమ్మ ‘యేసయ్య తగ్గించుకున్నాడు, నువ్వూ తగ్గించుకో’ అంటుంది. నోరు మూసుకోవడమే తగ్గింపా అయ్యగారూ?

జవాబు: కాదు బాబూ. అమ్మ మాటలో ప్రేమ ఉంది, నీ ఉద్యోగం పోతుందేమోనన్న భయమూ ఉంది, ఆమెను ఏమీ అనకు. అయితే ఆమె చెప్పే వాక్యం ఫిలిప్పీ 2వ అధ్యాయంలోది. అది రాసిన పౌలుకు అదే ఫిలిప్పీ పట్టణంలో ఏం జరిగిందో అపొస్తలుల కార్యములు 16లో చూడు. విచారణ లేకుండా అందరి ముందూ బెత్తాలతో కొట్టి జైల్లో వేశారు, తెల్లారాక గుట్టుగా పంపించేద్దామనుకున్నారు. పౌలు కదల్లేదు. మేము రోమీయులం (రోమా పౌరులం), విచారించకుండా బహిరంగంగా కొట్టించారు, ఇప్పుడు రహస్యంగా పొమ్మంటారా, వాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. వచ్చారు, బతిమాలుకున్నారు. సంఘటన తెలిసిన ఆ ఊరివాళ్ళకే తర్వాత యేసు గురించి ‘తన్ను తానే రిక్తునిగా చేసికొనెను’, అంటే తనను తాను ఖాళీ చేసుకున్నాడు అని రాశాడు. ఆ ‘తన్ను తానే’ అన్న దగ్గర కాస్త ఆగి చదువు. ప్రభువు తనంతట తాను తగ్గాడు, ఎవరో నెడితే కాదు. ప్రధానయాజకుడి ముందు బంట్రౌతు (భటుడు) చెంప మీద కొట్టినప్పుడు కూడా, నేను మంచిగా మాట్లాడితే ఎందుకు కొడుతున్నావని అడిగాడు (యోహాను 18:23). తిరిగి కొట్టలేదు, కానీ అడిగాడు.

ముందు ఆ సీనియర్‌ను ఒంటరిగా కలిసి మర్యాదగా అడుగు, నలుగురిలో వద్దు. ఇకనుంచి రిపోర్టు పంపే మెయిల్లో మేనేజర్‌కూ ఒక కాపీ పెట్టు, అది కక్ష కాదు, మామూలు ఆఫీసు పద్ధతే. నీ కింద కొత్తగా చేరిన కుర్రాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు చేసిన పనికి వాళ్ళ పేరు రాస్తున్నావో లేదో కూడా ఒకసారి చూసుకో.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరాక ఇంగ్లీషు ఆరాధనకే వెళ్తానంటున్నాడు. తెలుగు ఆరాధన ముసలివాళ్ళదట, బైబిలు భాష అర్థం కాదట, స్నేహితులను పిలవాలంటే నామోషీగా ఉందట. (ఒక తల్లి, మర్రిపాలెం)

జవాబు: ఇంగ్లీషులో ఆరాధిస్తే దేవుడు వినడని కాదు, వెళ్ళనివ్వండి. అర్థం కాకపోవడం నిజమైన ఇబ్బందే, ‘చేయుచున్నాను, పలికెను’ అనే భాష ఇవాళ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నామోషీ అన్నాడే, దానికి మాత్రం మన ఊరి కథే చెప్పండి. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నంలో దిగారు. అప్పటికి వాళ్ళకు తెలుగులో ఒక్క అక్షరం గుణింతం రాదు, మనవాళ్ళ ముందు పలకపట్టిన పిల్లల్లా కూర్చుని నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే విశ్వాసి పక్కనుండి సాయం చేస్తుంటే దె గ్రాంజ్ సువార్తలను తెలుగులోకి తెచ్చాడు. క్రాన్ 1809లో, దె గ్రాంజ్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయింది 1812లో. ఆ పుస్తకాన్ని ఇద్దరిలో ఎవరూ చేత్తో పట్టుకోలేదు.

ఈ కథ దెప్పిపొడుస్తున్నట్టు చెప్పకండి, వాడు ఇంకా దూరం పోతాడు. ఒక ఆదివారం మీరు వాడితో ఇంగ్లీషు ఆరాధనకు వెళ్ళండి. సగం అర్థం కాకపోయినా కూర్చోండి, వాడికి మీ ఇబ్బంది తెలుస్తుంది, మీకు వాడిది తెలుస్తుంది. తర్వాతి వారం ఇంట్లో, లూకా 18 తెలుగులో బిగ్గరగా చదవమనండి. ‘సుంకరి’ దగ్గర ఆగి అదేంటమ్మా అంటాడు. రోమా వాళ్ళ కోసం సొంతవాళ్ళ దగ్గరే పన్ను వసూలు చేసి, అందరి చేతా ఛీ అనిపించుకున్నవాడని చెప్పండి. తర్వాతి వచనం కూడా వాడినే చదవనివ్వండి.