భాగహార పద్ధతిలో గ.సా.భా. ఎలా కనుక్కోవాలి?

మహారాష్ట్రలోని సిరోంచలో ఒక దుకాణంలో 612 కిలోల సన్నబియ్యం, 456 కిలోల దొడ్డుబియ్యం ఉన్నాయనుకుందాం. రెండూ కలవకుండా, ఏమీ మిగలకుండా ఒకే బరువు సంచుల్లో నింపాలి. సంచి ఎంత పెద్దది కావచ్చు? కావలసింది గ.సా.భా., అంటే గరిష్ఠ సామాన్య భాజకం: రెండు సంఖ్యలనూ నిశ్శేషంగా భాగించే అతిపెద్ద సంఖ్య (మరాఠీ మీడియం పిల్లలకు ఇదే మసావి).

612ను 456తో భాగిస్తే శేషం 156. తర్వాత 456ను 156తో భాగిస్తే 144. 156ను 144తో భాగిస్తే 12. 144ను 12తో భాగిస్తే సున్నా. చివరి భాజకం 12 కిలోలే జవాబు: సన్నబియ్యం 51 సంచులు, దొడ్డుబియ్యం 38.

చాలామంది రెండో మెట్టులోనే తప్పుతారు, మళ్లీ 612నే తీసుకుంటారు. పాత భాజకాన్ని శేషంతో భాగించాలి; భాగఫలంతో పనిలేదు. రెండు సంఖ్యలనూ నిశ్శేషంగా భాగించేది వాటి శేషాన్నీ భాగిస్తుంది, అందుకే ఈ పద్ధతిలో జవాబు ఎప్పుడూ తప్పు రాదు. మూడో సంఖ్య ఉంటే, దానికీ 12కీ ఇదే చేయండి.