రాయి లేని సమాధులతో మొదలుపెట్టు

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి మావయ్య దీవెనలు.

మీ నాన్న వాళ్ల సమాధుల తోట చరిత్ర, దాంతోపాటు వంశవృక్షం రాయాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాను. శ్రద్ధగా తీశావు. కానీ అన్నీ పేరు చెక్కిన సమాధులవే. మా వైపు తోట గురించి నేను రాసినప్పుడూ, తర్వాత ఒకరిద్దరు స్నేహితుల కుటుంబాలకు సాయపడినప్పుడూ చూసింది ఏమిటంటే, మన పల్లెటూరి తోటల్లో రాయి ఉన్నవాళ్లు తక్కువ. మట్టి దిబ్బగానో, నాలుగు ఇటుకలుగానో, అసలు గుర్తే లేకుండానో ఉన్నవాళ్లే ఎక్కువ. ఆ రోజుల్లో రాయి వేయించారంటే ఇంట్లో బడి పంతులు ఉద్యోగమో, మిషన్ ఆస్పత్రిలో కొలువో, కాస్త పొలమో ఉండి ఉండాలి. రాళ్లను పట్టుకుని వంశవృక్షం గీస్తే అది కుటుంబంలో కలిగినవాళ్ల జాబితా అవుతుంది. కాన్పులో పోయిన ఆడవాళ్లు, పసిపిల్లలు, కలరా రోజుల్లో హడావిడిగా పూడ్చినవాళ్లు అందులోకి రారు.

కాబట్టి ముందు రాళ్లను వదిలిపెట్టి ముసలివాళ్ల దగ్గరికి వెళ్లు. మీ పెద్ద మేనత్తతో మొదలుపెట్టు. ఇంట్లో కూర్చోబెట్టి "ఎవరెవరు పోయారు అత్తా" అంటే ఆవిడ నాలుగు పేర్లు చెప్పి కాఫీ తాగుతావా అంటుంది. ఆటోలో తోటకు తీసుకెళ్లి, నీడన కుర్చీ వేసి కూర్చోబెట్టు. "ఆ వేపచెట్టు మొదట్లో మా చిన్నోడు, వాడి పక్కన మా తోడికోడలు" అని వాటంతట అవే వస్తాయి. అడిగి రికార్డు చెయ్యి. మధ్యలో తేదీలు అడిగి మాటకు అడ్డం పడకు. మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఈ సంగతులు ఎక్కువ తెలుసని నా నమ్మకం. మగవాళ్లు పొలం గొడవలు చెబుతారు, ఆడవాళ్లు ఎవరు ఎవరి కడుపున పుట్టారో చెబుతారు.

తేదీలు తర్వాత నువ్వే కట్టుకోవచ్చు. వాళ్లు ఏడాది చెప్పరు, సంఘటన చెబుతారు. బెజవాడ పాత ఆనకట్ట తెగిన ఏడు అంటే 1952. దివిసీమ ఉప్పెన అంటే 1977 నవంబరు. ఇందిరాగాంధీని చంపిన ఏడు అంటే 1984. ఇంకా వెనక్కి వెళితే తాతల నోట విన్నట్టుగా కరువుల పేర్లు వస్తాయి. ధాత కరువు అంటే 1876లో మొదలైంది. గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువు 1832-33 నాటిది, అది నందన సంవత్సరం. పాత బైబిలు అట్ట లోపల, పద్దు పుస్తకాల్లో కూడా తెలుగు సంవత్సరం పేరే రాసి ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి ఏ చుట్టులోదో మనిషి వయసును బట్టి తేల్చుకోవాలి. ఒక్క జాగ్రత్త. సంవత్సరం ఉగాదికి మారుతుంది. ఇన్‌ఫ్లుయెంజా వచ్చిన 1918 కాళయుక్తి. అయితే కాళయుక్తి మాఘమాసంలో పోయారని రాసి ఉంటే అది 1919 కిందికి వస్తుంది.

వయసుల్నీ పుట్టిన తేదీల్నీ మరీ నమ్మకు. అరవై, డెబ్బై, ఎనభై అని రాళ్ల మీద చెక్కినవి చాలావరకు ఉజ్జాయింపు లెక్కలే. జూలై 1న పుట్టినవాళ్లు మీ కుటుంబంలో అంతమంది ఎందుకున్నారా అని ఆశ్చర్యపోకు, బడిలో చేర్చేటప్పుడు పంతులు గారు వేసిన తేదీ అది.

ఇక తోటలో పని. వర్షాకాలంలో వెళ్లకు, పాములుంటాయి. సంక్రాంతి దాటాక వెళితే గడ్డి ఎండి ఉంటుంది. సర్కారు తుమ్మ పెరిగి ఉంటే నేల మట్టానికి కొట్టించు, సమాధి పక్కన మొదలు పెకిలించనివ్వకు. వేరుతోపాటు ఇటుకలూ లేస్తాయి. మనది నల్లరేగడి. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నేల కాబట్టి రాళ్లు ఒరుగుతూనే ఉంటాయి. ఒరిగిన రాయిని చూసి ఎవరో కావాలని తోశారని ఊళ్లో గొడవ పెట్టుకోకు. ఒక పెద్ద కాగితం మీద స్కెచ్ వేసుకో. బావినో, పాత గేటు స్తంభాన్నో ఆధారంగా పెట్టుకుని వరుసలకు నంబర్లు ఇవ్వు. పేరు లేని దిబ్బకు కూడా నంబరు ఉండాలి. నువ్వు నంబరు వేయని సమాధి మీద పదేళ్లలో ఇంకో సమాధి లేస్తుంది. అలా లేవడం నేను చూశాను.

రాతి అక్షరాలు కనపడకపోతే మీ తరం వాళ్లు వెంటనే బ్రష్షూ యాసిడూ అంటారు. ముట్టుకోకు. పాత పలకలు చాలావరకు పల్నాటి నాపరాళ్లు, అది సున్నపురాయి. యాసిడ్ సంగతి అలా ఉంచు, నిమ్మరసానికే కరుగుతుంది. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. ఉదయం పూటో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫొటో తియ్యి, లేకపోతే పక్క నుంచి టార్చి వేసి చూడు. అసలు చిక్కు ఏడాదికోసారి వేసే సున్నంతో వస్తుంది. పొర మీద పొర పడి అక్షరం పూడిపోతుంది. దాని మీద పెయింటరు నల్లరంగుతో తనకు తోచినట్టు దిద్దుతాడు, 3 కాస్తా 8 అవుతుంది. అందుకని రంగు అక్షరాన్ని కాదు, కింద ఉలి గీతను చదువు. రాతి మీద ఉన్నది ఉన్నట్టే రాసుకో, తప్పు అక్షరంతో సహా. సరిదిద్దింది పక్కన వేరే రాసుకో.

చర్చి రిజిస్టర్లకు వద్దాం. మీ నాన్న వాళ్లది లూథరన్ సంఘం. ఆ మిషన్ మొదలుపెట్టిన హయ్యరు దొర గుంటూరు వచ్చింది 1842 జూలై 31న. అంతకు ముందే మా ముత్తాత లూథరన్ సంఘంలో చేరాడని ఎవరైనా అంటే మర్యాదగా విని ఊరుకో. చర్చి గురువు గారిని (పాస్టరును) కలిసి బాప్తిస్మం, వివాహం, భూస్థాపన రిజిస్టర్లు మూడూ చూడటానికి అనుమతి అడుగు. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నవాళ్ల పద్దు కనపడితే ఆగి చదువు. పాత పేరు, కొత్త పేరు రెండూ ఒకే వరుసలో ఉండే చోటు అదొక్కటే. అబ్రాహాము తాత అంతకు ముందు ఏ పేరుతో ఉన్నాడో తెలియకుండా ఆయన తండ్రిని ఏ కాగితంలోనూ పట్టుకోలేవు. పాత పద్దులు ఇంగ్లీషులో ఉంటే ఇంటిపేరు ఒక్కో గురువు ఒక్కోలా రాసి ఉంటాడు. పైకి చదివి చూడు, చెవికి తెలుస్తుంది.

గ్రామ మునసబు రాసిన జనన మరణాల పుస్తకాలు ఇంకో ఆధారం. 1984లో మునసబు, కరణం పదవులు తీసేశాక ఆ పుస్తకాలు చేతులు మారాయి. తహసీల్దారు ఆఫీసులో అడిగి చూడు. పుట్టినవాళ్ల పేరు దగ్గర చాలాసార్లు "మగ శిశువు" అని మాత్రమే ఉంటుంది, పేరు పెట్టకముందే రాయించారు కాబట్టి. తండ్రి పేరు, తేదీ కలిపి చూసుకోవాలి.

నేను ఉద్యోగమంతా దస్తావేజుల మధ్యే చేశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఒక కుటుంబాన్ని గురించి పంపకాల దస్తావేజు చెప్పినంతగా ఏ సమాధి రాయీ చెప్పదు. అన్నదమ్ములు, వాళ్ల తండ్రి పేరు, వయసులు, వృత్తి, కాపురం ఉన్న ఊరు, మైనర్ల పేర్లు, విధవరాలైన తల్లికి ఎంత భూమి వదిలారో కూడా అందులోనే ఉంటుంది. ఇంకో సంగతి, చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు రాసిన భాగం, చదవకుండా పేజీ తిప్పకు. పక్క పొలం అమ్మిన దస్తావేజులో "ఉత్తరం: ఫలానా వారి సమాధుల దొడ్డి" అని హద్దు రాసి ఉంటే, ఆ తేదీ నాటికి తోట ఉందని రుజువు దొరికినట్టే. తోట వయసు తేల్చడానికి దాన్ని మించిన కాగితం లేదు. అందుకే మీ దస్తావేజులతోపాటు చుట్టుపక్కల పొలాలవి కూడా వెతకాలి. ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) పాతవి రావు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్సులు తిరగేయాల్సిందే. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసిన మనిషి చనిపోయాక ఎవరు అర్జీ పెట్టినా నకలు ఇస్తారు. 1904 అక్టోబరుకు ముందు కాగితాల్లో గుంటూరు వైపు ఊళ్లకు కూడా కృష్ణా జిల్లా అనే ఉంటుంది, వేరే ఊరనుకుని పక్కన పెట్టేయకు.

తోట స్థలం పట్టాలో ఉందా, శ్మశానం పోరంబోకులో ఉందా అనేది కూడా చూసి ఉంచు. రీసర్వే జరిగి ఉంటే పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది, నీ పుస్తకంలో రెండూ రాయి.

వంశవృక్షం గీసేటప్పుడు మనవాళ్ల ఇళ్లలో రెండు చిక్కులు తప్పవు. తాత పేరు మనవడికి పెడతారు, నలుగురు అన్నదమ్ములూ పెడతారు. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇస్తే తప్ప ఆ నలుగురినీ విడదీయలేవు. మేనరికాలు చేసుకున్న చోట ఒక్క మనిషే రెండు కొమ్మల మీద కనిపిస్తాడు. ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా అడిగి రాయి. "ఫలానా వారి భార్య" దగ్గర ఆగిపోతే సగం వంశం చీకట్లో ఉన్నట్టే. ఇల్లరికం వచ్చిన అల్లుడు ఉంటే ఇంటిపేరు ఎక్కడ మారిందో కూడా చూసుకో. ప్రతి సంగతి పక్కన అది ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో రాసుకో. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచు.

అచ్చు వేసే ముందు ఒకటి ఆలోచించు. చర్చిలో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు ఉన్నవాళ్లు మనలో చాలామంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుంది కాబట్టి అలా జరిగింది. ఎందరికో అది ఉద్యోగంతో, పిల్లల చదువుతో ముడిపడిన విషయం. బతికున్నవాళ్ల పేర్లు వాళ్లను అడగకుండా వేయకు. రెండో పెళ్లిళ్లు, ఆత్మహత్యలు కూడా అంతే, రాసి నీ దగ్గర ఉంచుకో, అచ్చుకు వాళ్ల పిల్లల మాట విను. మా వైపు ఒకాయన ఇలాంటి పుస్తకం వేసి, పదిహేనేళ్లయినా ఒక పెళ్లికి పిలుపు లేకుండా ఉన్నాడు.

నవంబరు 2 సమాధుల పండుగకు హైదరాబాదు, బెంగళూరు నుంచి కూడా అందరూ దిగుతారు. ఆ రోజుకు నీ స్కెచ్ పెద్దది చేయించి, తెలియని నంబర్లు ఖాళీగా ఉంచి, గేటు దగ్గర బల్ల మీద పెన్నులతో పెట్టు. పక్కనే నువ్వు కూర్చో, లేకపోతే పిల్లలు బొమ్మలు గీస్తారు. సున్నం వేసేవాళ్లు వారం ముందే వస్తారు, రాళ్ల ఫొటోలన్నీ అంతకు ముందే అయిపోవాలి.

రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లే రోజు మాత్రం ముందు చెప్పు, నేనూ వస్తాను. ఆ పాత గొలుసుకట్టు రాత నీకు అర్థం కాదు. ఉదయం పదింటికల్లా ఉండాలి, లంచ్ తర్వాత ఎవరూ పుస్తకాలు తీయరు.

మీ మావయ్య