థెరపీ చేసేది అసిస్టెంట్ అయితే సరిపోతుందా?

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు. ‘కాకి’ని ‘తాతి’ అంటాడు, ‘గోడ’ను ‘దోడ’ అంటాడు. మా ఊళ్లోని ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్పించి మూడు నెలలైంది. మొదటి రోజు స్పీచ్ థెరపిస్టు గారు చూశారు. అప్పటి నుంచి వారానికి మూడు రోజులూ అసిస్టెంట్ అమ్మాయే కూర్చోబెట్టుకుని చెప్పిస్తోంది. ఫీజు మాత్రం థెరపిస్టు చేసినంతే తీసుకుంటున్నారు. మేము మోసపోతున్నామా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, అసిస్టెంట్ చెప్పిస్తున్నారన్న ఒక్క కారణంతో మోసమని అనుకోనవసరం లేదు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన విషయం వేరే ఉంది. మొదటి రోజు థెరపిస్టు చూశారన్నారు గానీ, ఆ తర్వాత మూడు నెలల్లో ఆయన మళ్లీ బాబు దగ్గర కూర్చున్నట్టు ఎక్కడా రాయలేదు.

మన దేశంలో స్పీచ్ థెరపిస్టు కావాలంటే, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి వినికిడి, వాక్ చికిత్సల డిగ్రీ అయిన నాలుగేళ్ల బీఏఎస్ఎల్‌పీ చదివి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. అసిస్టెంట్లకు ఇంటర్ తర్వాత డీహెచ్ఎల్ఎస్ అనే ఏడాది డిప్లొమా ఉంది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ చదువు చెబుతోంది. థెరపిస్టులు ఎక్కువగా నగరాల్లోనే ఉంటారు గనుక, చిన్న పట్టణాల పిల్లలకు వారానికి మూడు రోజులు సాధన అందాలంటే అసిస్టెంట్లు ఉండి తీరాలి. ఏడాది చదువే కదా అని వారిని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. నాతో పనిచేసిన అసిస్టెంట్లలో, పిల్లవాడు విసుగుపడే క్షణాన్ని నాకంటే ముందే పసిగట్టగలవారు ఉన్నారు.

అయితే ఆ పనికి ఒక హద్దు ఉంది. ‘క’, ‘గ’ పలకాలంటే నాలుక వెనుక భాగం లేచి మెత్తని అంగిలికి తగలాలి. మీ బాబు నాలుక కొనను పళ్లకు ఆనిస్తున్నాడు, అందుకే ‘త’, ‘ద’ వస్తున్నాయి. ఇది వినికిడి లోపం వల్ల వచ్చిందా, ‘క’కూ ‘త’కూ తేడా చెవికి అందక వచ్చిందా, అలవాటుగా నిలిచిపోయిందా అని తేల్చవలసినది థెరపిస్టు, వినికిడి పరీక్ష ఇప్పటికీ చేయించకపోతే ముందు అది చేయించండి. ఆ తర్వాత ‘క’ను మొదట విడిగా, పిదప ‘కా, కీ, కూ’లుగా, పిదప ‘కాకి, కప్ప, కోతి’ వంటి మాటల్లో, చివరకు వాక్యాల్లో పలికించే క్రమాన్ని రాసి ఇవ్వవలసినదీ ఆయనే. అసిస్టెంట్ ఆ కాగితం ప్రకారం బొమ్మల కార్డులు చూపిస్తూ, అద్దం ముందు పలికిస్తూ, సరిగ్గా వచ్చిన ప్రతిసారీ ఒక గీత గీస్తుంది. ఇరవైసార్లలో పదహారుసార్లు సరిగ్గా వస్తే తర్వాతి మెట్టు ఎక్కించడం మా థెరపిస్టుల్లో చాలామంది పాటించే పద్ధతి. ఆ గీతలు చూసి మెట్టు మార్చే నిర్ణయం థెరపిస్టుదే. ఆయన చూడకపోతే, బాబు ఎప్పుడో నేర్చేసుకున్నదాన్ని నెలల తరబడి వల్లిస్తూనే ఉంటాడు, లేదా రానిదాన్ని రానట్టే పలుకుతూ తప్పును మరింత గట్టిపరచుకుంటాడు. మూడు నెలలు వృథా అయ్యేది ఇలాంటి చోటే.

ఈసారి వెళ్లినప్పుడు బాబు ఫైలు చూపించమని అడగండి. అందులో లక్ష్యాలు రాసిన కాగితం, రోజువారీ గీతల లెక్క, థెరపిస్టు చూసిన తేదీలు ఉండాలి. నెలకు ఒకటి రెండు సెషన్లలోనైనా ఆయన స్వయంగా కూర్చుని, అసిస్టెంట్ చేయిస్తున్న తీరును కూడా గమనించాలని నా అభిప్రాయం. పిల్లవాడి ఇబ్బంది పెద్దదైతే అది కూడా చాలదు. ఆ కాగితాలు లేవంటే సెంటర్ మార్చండి. ఫీజు సంగతి మొహమాటపడకుండా అడగవచ్చు. జిల్లా ఆసుపత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలు, అంటే డీఈఐసీలు, ఉన్నచోట 18 ఏళ్లలోపు పిల్లలను ఉచితంగా చూస్తారు గనుక, రెండో అభిప్రాయానికి అక్కడికీ వెళ్లవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వచ్చి రెండు నెలలైంది. అన్నీ అర్థమవుతున్నాయి కానీ మాట అందడం లేదు. ఇంటికి వచ్చే అసిస్టెంట్ ఓపికగా బొమ్మలు చూపించి పేర్లు చెప్పిస్తున్నాడు, కొంత గుణం కనిపిస్తోంది. మంచినీళ్లు తాగేటప్పుడు దగ్గు వస్తోందని చెబితే, తల పైకెత్తి కొంచెం కొంచెంగా పోయమన్నాడు. అలాగే చేస్తున్నాం.
– ఒక కూతురు, విజయనగరం

జవాబు: తల పైకెత్తి నీళ్లు పోయడం దయచేసి ఈ రోజే ఆపండి. తల వెనక్కి వాలిస్తే శ్వాసమార్గం మరింత తెరుచుకుని, నీరు ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం పెరుగుతుంది. దానివల్ల న్యుమోనియా రావచ్చు. కొందరిలో దగ్గు కూడా రాకుండానే నీరు లోపలికి పోతుంది. మింగుడు సమస్యను పరీక్షించడం, ఏ చిక్కదనంలో ఏ భంగిమలో ఇవ్వాలో చెప్పడం అసిస్టెంట్ పని కానే కాదు. ఆయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, అయినా ఆ మాట మీ థెరపిస్టుకు చేరవేసి ఊరుకోవలసింది. వెంటనే డాక్టరును, మింగుడు పరీక్ష చేయగల స్పీచ్ థెరపిస్టును సంప్రదించండి. తాగిన తర్వాత గొంతు గరగరలాడినా, జ్వరం వచ్చినా, ఆయాసం కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

పేర్లు చెప్పించే సాధన మాత్రం మానకండి. దానికి ఆ అసిస్టెంటే తగినవారు. పుస్తకంలోని బొమ్మలకు బదులు నాన్నగారి సొంత కళ్లజోడు, చేతికర్ర, ఆయన రోజూ కాఫీ తాగే గ్లాసు ముందు పెట్టించండి. ‘అది... అది...’ అంటూ ఆయన తడుముకుంటున్నప్పుడు మీరు చటుక్కున పేరు అందించేయకుండా, కాసేపు ఆగి, ‘గ్లా...’ అని మొదటి అక్షరం మాత్రం అందించండి. ఏ అందింపుతో ఏ మాట వచ్చిందో అసిస్టెంట్ రాసి పెడితే, థెరపిస్టుకు అంతకంటే విలువైన సమాచారం ఉండదు.

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాం. బడిలో మా ఐదేళ్ల పాపకు స్పీచ్ అసిస్టెంట్ థెరపీ ఇస్తోంది. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని సలహా ఇచ్చింది. మానేయాలా?
– ఒక తండ్రి, డాలస్

జవాబు: మానకండి. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు భాషాలోపం రాదు, ఇంటి భాష మానేస్తే ఉన్న లోపం పోదు కూడా. పైగా ఇలాంటి సలహా ఇచ్చే అధికారం అసిస్టెంట్‌కు లేదు. అక్కడి నియమాల ప్రకారం నిర్ధారణ, ప్రణాళిక, తల్లిదండ్రులకు సలహా అన్నీ పర్యవేక్షించే థెరపిస్టు బాధ్యతలే. ఆ థెరపిస్టు ఎవరో, పాప తెలుగు ఎలా ఉందో పరీక్షలో చూశారో లేదో తెలియజేయమని బడికి రాతపూర్వకంగా అడగండి, పాప కోసం బడి తయారుచేసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక (ఐఈపీ) సమావేశంలో కూడా ఈ విషయం ఎత్తండి. అసిస్టెంట్‌తో తగవు వద్దు. ఈ వారం ‘కింద, మీద, వెనుక’ నేర్పుతున్నారేమో కనుక్కుని, సాయంత్రం మీరు అవే మాటలను తెలుగులో, మంచం కింద చెప్పులు వెతికిస్తూ ఆడించండి.