పాత చైనా కత్తి తుప్పు వదిలించి, పిడికి తాడు మళ్లీ చుట్టుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: తైచీ నేర్పిన మాస్టారి కుటుంబం మీకు పాత చైనా దావ్ ఒకటి ఇచ్చింది. ఒకవైపే వాదర ఉన్న కత్తి. బ్లేడంతా తుప్పు, పిడి మీద తాడు ముట్టుకుంటే రాలిపోతోంది. పిడి ఊడదీసి, బ్లేడుకు గ్రైండర్ పట్టించి, కొత్త తాడు వేయించాలని అనుకుంటున్నారు.

తాడు మీరే చుట్టుకోవచ్చు. పిడి మాత్రం ఊడదీయకండి. గ్రైండర్ ఆలోచన పూర్తిగా మానేయండి.

నా దగ్గర కూడా ఒక దావ్ ఉంది. మొన దగ్గర వెడల్పయ్యే నియువెయ్‌దావ్ రకం, న్యూజెర్సీలో ఒక పాత ఇంటి సామాన్ల అమ్మకంలో కొన్నాను. ఈ రకం 19వ శతాబ్దంలో సైన్యం కన్నా మామూలు జనం, ఊరి రక్షక దళాల చేతుల్లోనే ఎక్కువగా ఉండేది. 1900లో చైనాలో విదేశీయులకు వ్యతిరేకంగా సాగిన బాక్సర్ తిరుగుబాటును అణచడానికి వెళ్లిన విదేశీ సైనికులు ఇలాంటి కత్తులు చాలా వెంట తెచ్చుకున్నారు. అందుకే అమెరికా, యూరప్ ఇళ్లల్లో ఇవి ఇప్పటికీ బయటపడుతుంటాయి.

పిడి ఎందుకు ఊడదీయకూడదో ముందు చెబుతాను. జపాన్ కత్తి కటానాకి ఒక వెదురు మేకు తీస్తే పిడి వచ్చేస్తుంది. ఆ వీడియోలు చూసి చాలామంది చైనా కత్తికీ అదే పద్ధతి అనుకుంటారు. చింగ్ వంశం (1644–1912) నాటి దావ్‌లు ఎక్కువ భాగం అలా ఉండవు. బ్లేడు తోక చెక్క పిడి గుండా చివరిదాకా వచ్చి, వెనక లోహపు టోపీలోంచి బయటికి పొడుచుకొస్తుంది. ఆ కొసను సుత్తితో కొట్టి రివెట్టులా పరిచేస్తారు. పిడి చివర చూడండి, చిన్న ఇనుప బొడిపె కనిపిస్తుంది. దాన్ని అరగదీస్తేగానీ పిడి రాదు. ఒకసారి అరగదీశాక మళ్లీ పరవడానికి సరిపడా ఇనుము మిగలదు. వంద, నూటయాభై ఏళ్లుగా కదలకుండా ఉన్న జోడింపు అది. గార్డు (పిడికీ బ్లేడుకీ మధ్య చేతిని కాచే లోహపు పలక) కాస్త కదులుతుంటే సన్నటి వెదురు పుల్లలు సందులో బిగించండి, చాలు. ఎపాక్సీ జిగురు పోయొద్దు, దాన్ని తర్వాత ఎవరూ తీయలేరు.

ఇక బ్లేడు. మంచి పాత చైనా బ్లేడు ఒకే ఇనుపముక్క కాదు. గట్టి ఉక్కును మధ్యలో పెట్టి, రెండు పక్కలా మెత్తటి ఇనుము వేసి కలిపి కొట్టేవారు. దీన్ని సాన్‌మెయ్ అంటారు. మెత్తటి ఇనుములో వాదర వైపు ఉక్కు పలకను దూర్చే పద్ధతి ఇంకొకటి. ఈ పొరల గీతలు తుప్పు కింద ఇంకా ఉండొచ్చు. గ్రైండర్ వాటిని తినేస్తుంది. పైగా ఆ రాపిడి వేడికి వాదర నీలం రంగుకు తిరిగిందంటే సుమారు 300 డిగ్రీల సెల్సియస్ తాకిందన్నమాట. అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే.

నేను చేసింది చాలా నెమ్మది పని. పల్చటి మిషన్ ఆయిల్ రాసి రాత్రంతా వదిలేయడం, పొద్దున రాగి లేదా ఇత్తడి ముక్క అంచుతో ఎర్ర తుప్పును గీకడం. రాగి ఉక్కు కన్నా మెత్తన కాబట్టి గీతలు పడవు. మొండిగా ఉన్నచోట 0000 నంబరు స్టీల్ ఉల్ (అతి సన్నటి ఉక్కు పీచు), అదీ నూనెతోనే. ఎర్రగా పొడిలా రాలిపోయేదే ఇనుమును తినేసే తుప్పు. నల్లగా, గట్టిగా అతుక్కున్న పొర ఇనుమును కాస్తుంది, దాన్ని ఉండనివ్వండి. కత్తి మెరవకపోయినా ఫరవాలేదు. గుడ్డతో తుడిస్తే ఎరుపు అంటకపోతే ఆపేయండి. చింతపండు, నిమ్మకాయ మన ఇత్తడి బిందెలకు బాగుంటాయి గానీ ఇక్కడ వద్దు. ఆ పులుపు పొరల సందుల్లోకి దిగి లోపలినుంచి తింటుంది. ఇత్తడి గార్డు మీది ముదురు రంగునూ తోమకండి. కొబ్బరినూనె, వేరుశనగనూనె కూడా పనికిరావు, కొన్నాళ్లకు ముక్కిపోతాయి. అంతా అయ్యాక మైక్రోక్రిస్టలిన్ మైనం పల్చగా రుద్దండి. రెనెసాన్స్ వ్యాక్స్ అనే పేరుతో దొరుకుతుంది, 1950ల్లో బ్రిటిష్ మ్యూజియంలో తయారైన మైనం అది.

వాదర దగ్గర పగులు గానీ, పొరలు విడిపోవడం గానీ కనిపిస్తే మీరు చెయ్యి పెట్టకండి, పాత ఆయుధాల పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

తాడు సంగతికొస్తే, అది వాడుకలో అరిగిపోయే వస్తువే. ఆ రోజుల్లోనూ పాడైతే మార్చేవారు, కాబట్టి మీరు మార్చడంలో తప్పేమీ లేదు. అయినా ముందు ఉన్నదాన్ని చూడండి. ముప్పాతిక వంతు గట్టిగా ఉంటే విప్పకుండా, వదులైన కొసలను అదే రంగు నూలుదారంతో కుట్టేయండి. నాది కుట్టే స్థితిలో లేదు. విప్పేముందు అన్నివైపులా ఫొటోలు తీసుకున్నాను. తాడు ఎటునుంచి మొదలైంది, ఎక్కడ పైకి, ఎక్కడ కిందికి వెళ్లింది అన్నీ తర్వాత అక్కరకొస్తాయి. బయట మట్టిరంగుగా కనిపించిన తాడు, గార్డు పక్కనున్న లోహపు పట్టీ కింద ముదురు నీలంగా ఉంది! వెలుతురు తగలని ఆ చిన్న ముక్కను బట్టే కొత్త తాడు రంగు ఎంచుకున్నాను.

అల్లిన చదును నూలుతాడు తీసుకోండి, పట్టయినా సరే. నైలాన్ జారుతుంది, చూడటానికీ నప్పదు. ఎంత కావాలో లెక్క తేలికే. పిడి పొడవు 12 సెంటీమీటర్లు, తాడు వెడల్పు 4 మిల్లీమీటర్లు అయితే 30 చుట్లు. పిడి చుట్టుకొలత 10 సెంటీమీటర్లు ఉంటే 3 మీటర్లు. పాతది ఒకదాని మీద ఒకటి అడ్డంగా దాటుతూ చుట్టిందైతే రెట్టింపు కొనండి. చాలక మధ్యలో కొత్త ముడి వేయడం కన్నా మిగిలితే కత్తిరించడం నయం. తాడును కాస్త తడిపి చుడితే ఆరాక బిగుసుకుంటుంది, కానీ తడి ఇనుముకు తగలకుండా చూసుకోండి. చివరి నాలుగైదు చుట్ల కింద ముందే ఒక దారం ఉచ్చు పెట్టి, తాడు కొసను అందులో దూర్చి లోపలికి లాగేయాలి. క్రికెట్ బ్యాట్ హ్యాండిల్ దారం కొస కనిపించకుండా ఎలా ముగుస్తుందో అలాగే. జిగురు అక్కర్లేదు. పిడిలో మణికట్టు తాడు కోసం అడ్డంగా చిన్న రంధ్రం ఉంటే మూసేయకుండా దాని పక్కనుంచి చుట్టండి. కటానా మీద కనిపించే వజ్రాకారం కిటికీల అల్లిక మాత్రం వద్దు. అది వేరే దేశం, వేరే పద్ధతి.

ఒక జాగ్రత్త తప్పకుండా పాటించండి. పాత ఒరల అతుకు వాదర వైపు విచ్చుకుని ఉండొచ్చు. ఒరను గుప్పిట్లో గట్టిగా పట్టుకుని కత్తి లాగితే వాదర ఒరను చీల్చుకుని వేళ్ల మీదికి రావచ్చు. కత్తి వీపు వైపే వేళ్లు ఉంచి తీయండి. ఒర లోపల చెమ్మ, పాత తుప్పు ఉంటే కత్తిని విడిగా, పొడి చోట ఉంచండి. ఎప్పుడైనా ఇండియాకు తీసుకెళ్లాలనుకుంటే ఆయుధాల చట్టం, కస్టమ్స్ నియమాలు ముందే కనుక్కోవాలి.

విలువ తగ్గుతుందా అని కూడా అడిగారు. గ్రైండర్ పట్టిస్తే ఖాయంగా తగ్గుతుంది. తాడు మారిస్తే తగ్గదు, విప్పి మళ్లీ చుట్టుకోగలిగేదే కదా. కాకపోతే పాత తాడు ముక్కలు పారేయకండి. తేదీ రాసి ఒక కవర్లో వేసి, ఫొటోలతో కలిపి కత్తితోపాటే ఉంచండి.