సంతకం లేని నకలు

ప్రశ్న: మాది గుంటూరు అరండల్‌పేటలో ప్రింటింగ్ ప్రెస్సు. జీఎస్టీ పత్రం నకలు మీద నా సంతకం లేదని ఒక కార్యాలయం మా టెండరును ధరల కవరు తెరవకుండానే పక్కన పెట్టింది. ఇది న్యాయమేనా?

జవాబు: నాకైతే అన్యాయమనే అనిపిస్తోంది. టెండరు కమిటీల్లో కూర్చున్న రోజుల్లో మేము అసలు పత్రం తెప్పించుకుని చూసేవాళ్లం. గడువుకు ముందే ఉన్న పత్రాన్ని తర్వాత చూపితే ఎవరికి నష్టం? ధర మార్చుకోనిస్తే తప్పు. 1991లో పొద్దార్ స్టీల్ కేసులో ధరావతుకు, అంటే టెండరుతో పాటు కట్టే హామీ సొమ్ముకు, స్టేట్ బ్యాంకు డ్రాఫ్టు బదులు యూనియన్ బ్యాంకు ధ్రువీకరించిన చెక్కు ఇచ్చినా సుప్రీంకోర్టు తప్పుపట్టలేదు. ముఖ్య షరతులు వేరు, అనుబంధ షరతులు వేరు, రెండోవాటిని సడలించవచ్చు అంది. అయితే సడలింపు అధికారుల విచక్షణే. అదే లోపాన్ని మరొకరికి మన్నించి ఉంటే మాత్రం మీ వాదన గట్టిది. తిరస్కరణ కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. కమిటీ నమోదు చేసిన టెండర్ల పోలిక పట్టికను సమాచార హక్కు కింద కోరండి.